పదిహేడో నంబరు స్తంభం లేచిన విధం

గానుగవీధి మలుపులో పదిహేడో నంబరు కరెంటు స్తంభం పధ్నాలుగేళ్ళుగా నిలబడి ఉంది. ఆ సంగతి మా ఆఫీసుకు తప్ప ఊరందరికీ తెలుసు.

మా ఆఫీసంటే పెదలంకపేట విద్యుత్ సబ్ డివిజన్ ఆఫీసు. అందులో నేను సీనియర్ అసిస్టెంటును. పేరు గుమ్మళ్ళ భాస్కరం. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క స్తంభం ఎక్కలేదు, ఒక్క తీగ ముట్టుకోలేదు. అయినా ఊళ్ళో కొత్త దీపం వెలగాలంటే నా బల్ల మీద కాగితం కదలాల్సిందే. ఇది గొప్పకు చెప్పడం లేదు. అలాగని సిగ్గుపడుతూ కూడా చెప్పడం లేదు.

ఆ గానుగవీధిలోనే నూకరత్నం అని ఒకావిడ ఉంది. నలభై దాటిన మనిషి. సంతపేటలో గంగరాజు గారి పిండిమర దగ్గర పదకొండేళ్ళు పనిచేసింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు కనుబొమ్మల దాకా పిండి పట్టి, నాటకంలో వేషం కట్టిన మనిషిలా ఉండేది. ఈ ఏడు శివరాత్రి వెళ్ళాక గంగరాజు గారు ఇక ఓపిక లేదని మర మూసేశారు. నూకరత్నం ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించి, ఆ పాత మిషన్లు రెండూ తనే కొనుక్కుంది. ఒకటి పిండికి, ఒకటి కారానికీ ఆవపిండికీ. రెంటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. ఇక కావలసింది త్రీఫేజు కరెంటు.

ఇక్కడ మా ఊరి పట్టింపు ఒకటి చెప్పాలి. ఆవకాయకు ఆవపిండి ఏ మరలో పట్టిస్తే ఏటేటా ఆ మరకే వెళతారు. మర మారిస్తే ఆవకాయ బూజు పడుతుందని ఆడవాళ్ళ నమ్మకం. గంగరాజు గారి మర మూతపడింది కాబట్టి ఈ ఏడు ఊరి ఆవాలన్నీ కొత్త గడప తొక్కాలి. ఆ గడప నూకరత్నానిదైతే ఆవిడ బతుకు స్థిరపడ్డట్టే. కాకపోతే అవన్నీ కాలవ అవతల లాకులపాలెం మరకు పోతాయి. పోయినవి ఇక తిరిగి రావు. కాబట్టి వైశాఖం దాటకుండా, జాడీలకు గుడ్డలు కట్టేలోగా, ఆవిడ మర తిరగాలి. అప్లికేషను నా బల్ల మీద పెట్టింది మాత్రం చైత్రంలోనే. ఆవిడ తరఫున ఆలస్యం ఏమీ లేదు.

మా లైన్‌మన్ దావీదు వెళ్ళి చూసి వచ్చాడు.

“గంట పనండి. పదిహేడో నంబరు ఆవిడ షెడ్డుకి పది బారల్లో ఉందండి. తీగ లాగి మీటరు పెట్టడవే” అన్నాడు.

నేను ఎరెక్షన్ రిజిస్టరు తీశాను. పదహారో నంబరు ఉంది, పద్ధెనిమిదో నంబరు ఉంది. పదిహేడు లేదు. మామూలు రోజుల్లో అయితే దాన్నెవరూ పట్టించుకోరు. కానీ అప్పటికి పది రోజుల కిందటే హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చి ఉంది.

మా శాఖలో ‘నిలబెట్టడం’ అనే మాట వాడరు. స్తంభమైనా, ట్రాన్స్‌ఫార్మరైనా, ఆఖరికి ఆఫీసు గేటైనా సరే, ‘ఎరెక్ట్’ చేస్తాం. మాకది అలవాటైపోయి, ఇంట్లో దోమతెర కర్రలు కట్టి కూడా మా ఆవిడతో “ఎరెక్ట్ చేశాను, చూసుకో” అంటుంటాను. అలాంటి మాటకు ఎక్కడో, మా జిల్లా కాదు లెండి, ఒక చోట అపచారం జరిగింది. ఒక పొలం గట్టున నలభై స్తంభాలు ఎరెక్ట్ చేశామని రిజిస్టర్లో రాసుకున్నారట. పైవాళ్ళు వెళ్ళి చూస్తే నలభై స్తంభాలూ గట్టు మీద హాయిగా పడుకుని ఉన్నాయట. మీరూ నేనూ అయితే ఆ రాసినవాణ్ణి పట్టుకుంటాం. హెడ్డాఫీసు అలా తొందరపడదు. తప్పు మనిషిది కాదనీ, ఆ మాట అర్థం మనిషికి సరిగ్గా తెలియకపోవడమే దీనికంతకూ మూలమనీ తేల్చి, రాసినవాణ్ణి వదిలేసి మాటను పట్టుకున్నారు.

పదకొండు పేజీల సర్క్యులరు. అందులో ప్రాణం లాంటి పేరా ఇది:

‘ఎరెక్ట్ అనగా శయన స్థితిలో నున్న వస్తువును ఉత్థాన ప్రక్రియ ద్వారా నిలువు స్థితికి గొనివచ్చుట. ఈ మూడు దశలలో ఏ ఒక్కటి సమర్థాధికారి స్వయముగా కన్నులారా చూడకున్నను సదరు వస్తువు ఎరెక్ట్ అయినట్లు పరిగణింపరాదు. అట్టి దానిని కేవలము నిలిచియున్నదిగా మాత్రమే భావింపవలెను. కేవలము నిలిచియున్న స్తంభము నుండి ఎట్టి కొత్త కనెక్షనును ఇవ్వరాదు.’

మా ఏడీఈ శశిధర్ గారు అది చదివి పులకించిపోయారు. ఆఫీసుకు పెద్ద ఆయనే. ముప్ఫై అయిదేళ్ళు కూడా ఉండవు. చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చేతివాటం లేదు, నోటి దురుసు లేదు, వేళకు వస్తాడు. ఆయనకు ఉన్నదల్లా నియమం మీద ప్రేమ. ప్రేమ ఉన్నచోట కళ్ళు సరిగ్గా కనబడవు కదా.

నూకరత్నాన్ని ఆయన ముందుకు తీసుకెళ్ళాను.

“మీ దరఖాస్తు సర్వాంగ సుందరంగా ఉన్నది. అయితే, స్తంభము ఎరెక్ట్ అయి ఉండలేదు” అన్నారు ఏడీఈ గారు.

“నించునే ఉందండీ! ఇందాకే చూసొచ్చాను. మా మేక దానికే కట్టేసుందండి.”

“నిలిచి ఉండుట వేరు, నిలబెట్టబడుట వేరు. దానిని నిలబెట్టినట్లు రికార్డు లేదమ్మా.”

“అదేటండీ? ఎవరూ నిలబెట్టకుండా మరెలా నించుందండి? అదే లేచి నించుందంటారా?”

ఏడీఈ గారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. ఆయన ఏ ప్రశ్ననూ తేలిగ్గా తీసుకోరు.

“ఆ అవకాశాన్ని సర్క్యులరు తోసిపుచ్చలేదు” అన్నారు.

నూకరత్నం నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

నిజానికి ఆ స్తంభాన్ని ఎవరు నిలబెట్టారో ఊరంతటికీ తెలుసు. పధ్నాలుగేళ్ళ కిందట తుఫాను వచ్చినప్పుడు అది పడిపోయింది. రోడ్లన్నీ నీళ్ళు. మూడు రోజుల పాటు ఆఫీసు తరఫున ఎవరూ రాలేకపోయారు. అప్పటికి దావీదు దినకూలీ. అతనూ, గానుగవీధి వాళ్ళు పదకొండుమందీ మోకాలి లోతు నీళ్ళలో దిగి, బావిమోకులు కట్టి లాగి నిలబెట్టారు. దీపాలు వెలిగాయి. అందరూ పిల్లల్ని ఎత్తుకుని ఇళ్ళల్లోకి వెళ్ళిపోయారు. వానకు తడిసిన పాత రిజిస్టరు బదులు రాసిన కొత్తదాంట్లో దాన్ని ఎక్కించాలని ఎవరికీ గుర్తు రాలేదు. నాక్కూడా.

దావీదు సలహా మీద నూకరత్నం మర్నాడు ఆ పన్నెండుమందినీ ఆఫీసుకు తీసుకొచ్చింది. అందులో ఇద్దరికి జుట్టు పూర్తిగా నెరిసింది. ఏడీఈ గారు వాళ్ళను మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, విన్నారు.

“మీ వాంగ్మూలం హృద్యంగా ఉన్నది. అయితే, మీలో సమర్థాధికారి ఎవరు?”

బట్టలు కుట్టే చిట్టబ్బాయి లేచి నించున్నాడు. “మేం సమర్థులవేనండి. అధికారులం కాదండి.”

“అదే చిక్కు” అన్నారు ఏడీఈ గారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

ఆ మర్నాడు పదిహేడో నంబరుకు ఒక రేకు బోర్డు తగిలించారు. పసుపు మీద నల్లక్షరాలు: ‘ఈ స్తంభము కేవలము నిలిచియున్నది.’ ఊరి జనం నడిచి వెళుతూ ఆగి చదివి, స్తంభాన్ని కింద నుంచి పైదాకా చూసి, మళ్ళీ నడిచి వెళ్ళేవారు. నూకరత్నం మేక మాత్రం దానికే కట్టేసి ఉండేది.

ఆ వారంలోనే హెడ్డాఫీసు నుంచి శిక్షకుడొచ్చాడు. డాక్టర్ చక్రధరం గారు, పదప్రయోగ సలహాదారు. మీటింగు హాల్లో ఇంజనీర్లనూ, గుమాస్తాలనూ, లైన్‌మన్లనూ కూర్చోబెట్టి మనిషికొక శిక్షణ పుస్తకం, ఒక పెన్సిల్ ఇచ్చారు. “పెన్సిళ్ళను శయన స్థితికి తెండి” అన్నారు. అందరం బల్ల మీద పడుకోబెట్టాం. “పక్కవారి సమక్షమున ఎరెక్ట్ చేయండి.” నిలబెట్టాం. నాది దొర్లి కింద పడింది. తీసి మళ్ళీ పెట్టబోతే ఆగమన్నారు. పడిన వస్తువును మళ్ళీ నిలబెట్టడం రెండో ఎరెక్షన్ కిందకు వస్తుందట, దానికి వేరే ఫారం ఉందట.

తరవాత వాక్యాలు. ‘ఎరెక్ట్’తో పది వాక్యాలు రాయాలి. గుడారాన్ని ఎరెక్ట్ చేయవచ్చు. పందిరిని చేయవచ్చు. గోడను చేయవచ్చో లేదో కమిటీ పరిశీలనలో ఉంది, ఎందుకంటే గోడకు పూర్వ శయన స్థితి లేదు. చెట్టును చేయరాదు. నాకు పదికి ఏడు వచ్చాయి.

వెనక బెంచీలోంచి దావీదు చెయ్యెత్తాడు. “పొద్దున్నే నేను మంచం మీంచి లేత్తానండి. మరి నన్ను ఎరెక్ట్ చేసినట్టేనాండి?”

అందరూ నవ్వారు. చక్రధరం గారు నవ్వలేదు. ఆయనకు అది శాస్త్రీయమైన సందేహం.

“చక్కని ప్రశ్న. రాసుకోండి. తనంతట తాను లేచునది ‘రైజ్’ అగును. అది ఎరెక్ట్ నిర్వచనమునకు గాని, తత్సంబంధమైన నిషేధములకు గాని లోబడదు. తొమ్మిదో పేజీ.”

అందరం రాసుకున్నాం. నేను తొమ్మిదో పేజీ అంచు మడిచి పెట్టుకున్నాను. ఎందుకో చెప్పలేను, గుమాస్తా చేతికి అలవాటు.

శిక్షణ అయ్యాక సర్వే. సబ్ డివిజన్లో మొత్తం స్తంభాలు నాలుగు వేల ఆరు వందల పన్నెండు. అందులో సర్క్యులరు ప్రకారం ఎరెక్ట్ అయినవి ముప్ఫై ఒకటి. మిగతా నాలుగు వేల అయిదు వందల ఎనభై ఒకటీ కేవలము నిలిచియున్నవే. నలభై ఏళ్ళుగా వాటి మీదుగా కరెంటు పోతూనే ఉంది, పాపం దానికి సర్క్యులరు తెలియదు. మా ఆఫీసు ముందున్న స్తంభం కూడా ఆ జాబితాలో పడింది. ఏడీఈ గారి గదికి అప్పుడే ఏసీ మంజూరై వచ్చింది. కేవలము నిలిచియున్న స్తంభం నుంచి కొత్త కనెక్షను కూడదు కాబట్టి ఆయన దాన్ని పెట్టెలోంచి తీయనివ్వలేదు. ఎండలు మండిపోతుంటే ఆ అట్టపెట్టె పక్కనే కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఫైళ్ళు చూసేవారు. ఆ సంగతి తెలిశాక నూకరత్నానికి కూడా ఆయన మీద కోపం రాలేదు. అదే ఆవిడకు పెద్ద ఇబ్బంది అయింది.

“తిట్టుకుందామన్నా మనిషి మంచోడండి” అంది నాతో.

వైశాఖం వచ్చేసింది. సంతలో కొత్తపల్లి కొబ్బరి, చిన్నరసం మామిడికాయలు దిగాయి. నూకరత్నం షెడ్డులో కారం మిషను పక్కన స్టీలు డబ్బాలు వరస కట్టాయి. ఇరుగుపొరుగు వాళ్ళు నమ్మకం కొద్దీ ముందే ఆవాలు తెచ్చి పెట్టారు. అందులో ఒకటి ఏడీఈ గారింటి డబ్బా. మూత మీద ఆయన భార్య పేరు గోళ్ళరంగుతో రాసి ఉంది. రోజూ ఒకరో ఇద్దరో వచ్చి, “ఇంకా రాలేదా కరెంటు?” అని అడిగి, మొహమాటపడుతూ డబ్బా పట్టుకుని లాకులపాలెం బస్సు ఎక్కుతున్నారు.

నూకరత్నం ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నించుంది. ఆ రోజు ఆవిడ గట్టిగా మాట్లాడలేదు.

“భాస్కరం గారండీ, పదకొండేళ్ళు ఒకరి మర దగ్గర పిండి దులిపానండి. మొదటిసారి ఒకటి నాదని అనుకున్నాను. ఈ పది రోజులూ దాటితే ఇంక అది ఇనుపముక్కేనండి. ఏదో ఒకటి చెయ్యండి.”

నాకు నిజంగానే సిగ్గేసింది. ఫైలు పట్టుకుని ఏడీఈ గారి గదికి వెళ్ళి గట్టిగా అడిగాను. ఆయన కూడా అప్పటికే ఆలోచించి పెట్టుకున్నారు.

“ఒకే మార్గమున్నది. పదిహేడో నంబరును పడుకోబెట్టి, నా సమక్షమున తిరిగి లేపుదాం. ఒక పూట పని.”

ఎంత వెర్రిదైనా దారి దారే. నేను పరుగున వెళ్ళి స్తంభం తొలగించే ఫారం తెచ్చాను. మొదటి మూడు గడులూ నింపాను. నాలుగో గడి: ‘స్తంభము ఎరెక్ట్ అయిన తేదీ’. ఇద్దరం ఆ గడి వంక చూస్తూ కూర్చున్నాం. ఎరెక్ట్ కాని దాన్ని తొలగించడానికి వీల్లేదు. తొలగించకుండా ఎరెక్ట్ చేయడానికి వీల్లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మా నాయనమ్మ ఊరికే అనలేదు.

“ఈ అంశంపై స్పష్టత కోరుతూ హెడ్డాఫీసుకు రాద్దాం” అన్నారు ఏడీఈ గారు. రాశాం. జవాబుగా ఆయనకే పిలుపొచ్చింది, ‘ఎరెక్ట్ పదప్రయోగము – రెండవ స్థాయి’ శిక్షణకు. మూడు రోజులు. ఆయన బ్యాగు సర్దుకుని వెళ్ళారు.

ఆయన వెళ్ళిన రెండో రోజు, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి గాలివాన పట్టుకుంది. అరగంటే ఉంది గానీ చెట్లు విరిచింది, రేకులు ఎగరేసింది. గానుగవీధిలో కొత్త మురుక్కాలవ కోసం తవ్విన గుంట నీళ్ళతో నిండి, పదిహేడో నంబరు మొదలు మెత్తబడి, ఆ ఇనప స్తంభం ఎవరికీ ఏ హానీ చేయకుండా మెల్లగా ఒరిగి వీధిలో అడ్డంగా పడుకుంది. దావీదు అప్పటికే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకేశాడు. మేక తాడు తెంపుకుని ముందే అరుగెక్కింది.

నేను ఏడీఈ గారికి ఫోను చేశాను.

“భాస్కరం గారూ, శయన స్థితియేనా? పూర్తిగా?” అన్నారు.

“పూర్తిగానండి. బోర్డుతో సహా.”

“రాత్రి బస్సుకు బయలుదేరుతాను. పొద్దున పదింటికల్లా అక్కడ ఉంటాను. అంతవరకు ఎవరినీ దానిని తాకనివ్వవద్దు. మీరు స్వయముగా కాపలా ఉండండి. రేపు పదకొండుకు ఎరెక్షన్, పన్నెండుకు నూకరత్నమ్మ గారి కనెక్షన్. ఇటువంటి శయన స్థితి మనకు మళ్ళీ దొరకదు.”

రిజిస్టరు చంకన పెట్టుకుని గానుగవీధికి వెళ్ళాను. ఆ మాట చెప్పగానే నూకరత్నం రెండు చేతులూ జోడించింది. మొహం చేటంతైంది. లోపలికి పరుగెత్తి మిషన్ల మీద కప్పిన గోనెపట్టాలు తీసేసింది. నాకూ సంతోషమేసింది. అబద్ధమెందుకు, ఆ గాలివానకు మనసులో దండం కూడా పెట్టుకున్నాను.

ఇంతలో పన్నెండుమందీ మోకులు పట్టుకుని వచ్చారు. వచ్చి, ఆగిపోయారు. అప్పటికే రేపటి సంగతి వీధంతా తెలిసిపోయింది. ఎవరూ స్తంభం దగ్గరకు రారు, ఎవరూ ఇళ్ళకు పోరు. అందరూ ఎదురింటి గుమ్మం వంక చూస్తున్నారు.

ఆ గుమ్మంలో సుబ్బయమ్మ గారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆరేళ్ళ పిల్ల. ఆయాసం. వాన పడితే ఎక్కువవుతుంది. ఆవిరి పట్టే మిషను ఉంది, కరెంటు లేదు. ఆసుపత్రి దారిలో రావిచెట్టు అడ్డంగా కూలింది. పిల్ల ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి, ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. సుబ్బయమ్మ గారు ఎవరినీ ఏమీ అడగలేదు. నూకరత్నం వైపు చూడను కూడా చూడలేదు.

నూకరత్నం షెడ్డులోంచి బయటికొచ్చింది. ఒకసారి మిషన్ల వంక చూసింది. ఒకసారి పిల్ల వంక చూసింది. తరవాత మగవాళ్ళ మీద విరుచుకుపడింది.

“ఏటలా గుడ్లప్పగించి చూత్తన్నారు? మోకులు దేనికి తెచ్చారు, ఉయ్యాల కట్టడానికా? లేపండెహె!”

“మరి నీ మర...” అన్నాడు చిట్టబ్బాయి.

“నా మర సంగతి నే చూసుకుంటాను. ముందు పిల్ల ఊపిరి చూడండి” అని తనే మొదటి మోకు అందుకుంది.

దావీదు నా దగ్గరికొచ్చాడు. “అయ్యా, తవరు కాపలా ఉన్నారంట కదండి. ఏం చెయ్యమంటారండి?”

నేను రిజిస్టరు సుబ్బయమ్మ గారి అరుగు మీద పెట్టాను. చొక్కా చేతులు మడిచాను. “ఎక్కడ పట్టుకోవాలి?” అన్నాను.

ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి నేను స్తంభాన్ని ముట్టుకున్నాను. చాలా బరువుగా ఉంది. ఫైల్లో అంత బరువు తెలియలేదు. దావీదు గుంటలో నిలబడి “ఐలెస్సా” అంటే అందరం లాగాం, ఆగమంటే ఆగాం. మూడుసార్లు జారింది. నాలుగోసారి నిలబడింది. మొదట్లో రాళ్ళు కూరి మట్టి దట్టించారు. దావీదు ఎక్కి తీగలు బిగించాడు. సాయంత్రం ఆరు కాకుండానే వీధిలో దీపాలు వెలిగాయి. ఎదురింట్లో ఆవిరి మిషను గుర్రుమంది. పిల్ల ఊపిరి మెల్లమెల్లగా నెమ్మదించింది. నూకరత్నం ఆ చప్పుడు కాసేపు విని, తన షెడ్డులోకి వెళ్ళి గోనెపట్టాలు మళ్ళీ కప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది. చేతులు మండుతున్నాయి కాబట్టి దానికే అనుకున్నారు అందరూ.

మర్నాడు పొద్దున పదింటికి జీపు వచ్చింది. ఏడీఈ గారు కొత్త పెన్నుతో, కొలత టేపుతో, కెమెరాతో దిగారు. బస్సు ప్రయాణంలో జుట్టు రేగి ఉంది. చూస్తే పదిహేడో నంబరు నిటారుగా నిలబడి ఉంది. బోర్డు కూడా ఉంది, తలకిందులుగా.

“ఎవరు?” అన్నారు. ఆయన కోపం నేను చూడటం అదే మొదటిసారి. “ఎవరు నిలబెట్టారు దీనిని? సమర్థాధికారి ఆదేశాన్ని ఉల్లంఘించిన సిబ్బంది ఎవరు? నాకు పేరు కావాలి.”

దావీదు తల వంచుకుని ఒక అడుగు ముందుకేశాడు. అతనికి పర్మనెంటై నాలుగేళ్ళే అయింది. ఇద్దరు ఆడపిల్లల చదువులు. నేను నోరు తెరిచేలోగా నూకరత్నం అడ్డం వచ్చింది.

“ఎవరూ నిలబెట్టలేదండి. అదే లేచింది.”

“అదే ఎలా లేస్తుందమ్మా?”

“నాకేం తెలుసండి, చదువులేనిదాన్ని. ఆ అవకాశం సర్క్యులరు తోసిపుచ్చలేదని తవరే సెలవిచ్చారు కదండీ.”

అప్పుడు నాకు అంచు మడిచిన కాగితం గుర్తొచ్చింది. రిజిస్టర్లోంచి శిక్షణ పుస్తకం తీసి తొమ్మిదో పేజీ ఏడీఈ గారి ముందు పెట్టాను. ఆయన నెమ్మదిగా చదివారు. ‘తనంతట తాను లేచునది రైజ్ అగును. అది ఎరెక్ట్ నిర్వచనమునకు గాని, తత్సంబంధమైన నిషేధములకు గాని లోబడదు.’ మళ్ళీ చదివారు. మూడోసారి పైకి చదివారు.

“అంటే... పదిహేడో నంబరుకు సర్క్యులరే వర్తించదు.”

“వర్తించదండి.”

“కనెక్షను ఇవ్వడానికి అభ్యంతరమే లేదు.”

“ఎన్నడూ లేదండి.”

ఆయన చూపు నా చేతుల మీద పడింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కి, తోలు ఊడి ఉన్నాయి.

“మీ చేతులకేమైంది?”

“నిన్న వానలో జారి పడ్డానండి.”

ఎదురింటి అరుగు మీద పిల్ల పాలు తాగుతోంది. ఏడీఈ గారు ఆ పిల్ల వంకా, ముక్కు దగ్గర మిషను మాస్కు వేసిన ఎర్రటి గుర్తు వంకా చూశారు. చాలాసేపు చూశారు. తరవాత నా వైపు తిరిగారు.

“ఎవరైనా లేపారా?”

“లేదండి. నా అంతట నేనే లేచాను.”

“మంచిది” అన్నారు. కొత్త పెన్ను నా చేతికే ఇచ్చారు. “అదే రాయండి.”

పదకొండింటికి దావీదు తీగ లాగాడు. దావీదు గంట అన్నాడు గానీ నలభై నిమిషాలే పట్టింది. కారం మిషను తిరిగింది. మొదటి డబ్బా సుబ్బయమ్మ గారిది, రెండోది ఏడీఈ గారింటిది. ఆవాల ఘాటుకు వీధి వీధంతా తుమ్మింది. సాయంత్రానికి లాకులపాలెం వెళ్ళిన డబ్బాలు కూడా కొన్ని, ఇంకా మూతలు తీయనివి, వెనక్కి వచ్చి వరసలో చేరాయి. నూకరత్నం కనుబొమ్మల దాకా పసుపుపచ్చగా ఉంది. నన్ను చూసి ఏదో అనబోయి, తుమ్మేసింది.

తరవాతి సంగతి మీరు ఊహించే ఉంటారు. నెల తిరక్కుండా మిగతా నాలుగు వేల అయిదు వందల ఎనభై స్తంభాలూ తమంతట తామే లేచినట్లు రికార్డయింది. ఏడీఈ గారి ఏసీ పెట్టెలోంచి బయటికొచ్చింది. మా సబ్ డివిజన్లోని స్తంభాలు చూపిన స్వయంకృషిని అభినందిస్తూ హెడ్డాఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా జిల్లాల స్తంభాలు కూడా దీన్ని ఆదర్శంగా తీసుకోవాలని అందులో రాశారు. దానికి అద్దం కట్టించి గోడకు తగిలించాం.

ఒకరోజు దావీదు ఆ అద్దం ముందు నించుని, “ఏం రాసారండీ ఇందులో?” అన్నాడు. చదివి వినిపించాను. తరవాత రిజిస్టరు కూడా తీసి, పదిహేడో నంబరు ఎదురుగా నా చేత్తో రాసిన మాట చూపించాను. ‘తనంతట తాను లేచినది.’ బొబ్బల చేత్తో రాసింది కాబట్టి అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి.

దావీదు తలూపాడు. “బాగానే ఉందండి. మరి మోకులు లాగినోళ్ళ పేర్లెక్కడండి?”

“ఆ గడి ఇందులో లేదు దావీదూ” అన్నాను.

“మొన్నటిదానికేనాండి, తుఫానప్పటిదానికి కూడానా?”

“రెంటికీ లేదు.”

“పోన్లెండి” అని అతను నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడో గాలికి ఇంకో స్తంభం ఒరిగిందట, సాయంత్రంలోగా అది కూడా తనంతట తానే లేవాలి.